ఓపల్ వర్తకం: తూకం కోసం కోస్తే రంగు దక్కదు

రంగురాళ్ల వర్తకంలో బేరానికి తూకమే మూలం. కెంపు గాని, నీలం గాని, పచ్చ గాని క్యారెట్టు లెక్కనే చేతులు మారుతున్నాయి. తరతరాలుగా సాగుతున్న ఈ అలవాటు వల్ల ఆ సరుకుల్లో పెద్దగా ఇబ్బంది లేదు. ఒక్క ఓపల్ విషయంలో మాత్రం ఇది వర్తకుని జేబుకే చిల్లు పెడుతున్నది. ఓపల్‌లో అమ్ముడుపోయేది రంగుల తళుకు. దానిని పైకి తేవాలంటే సాన మీద కొంత బరువు వదులుకోక తప్పదు. ముడి సరుకును తూకానికి కొని, సానపట్టే పనివానికి మిగిలిన తూకాన్ని బట్టి కూలి ఇచ్చి, తయారైన రాయిని మళ్లీ తూకానికే అమ్మజూపే వ్యాపారి మూడు చోట్లా రంగుకు అడ్డుపడుతున్నాడు. ఆ తరువాత సరుకు కదలడం లేదని బజారును నిందించి ప్రయోజనం లేదు.

ఈ రాయి పుట్టుక, ప్రయాణం గురించి రెండు మాటలు. పేరు సంస్కృతంలోని ‘ఉపల’ శబ్దం నుంచి రోమను వర్తకుల నోటబడి ఓపల్ అయిందని భాషావేత్తల్లో ఎక్కువమంది అభిప్రాయం. పందొమ్మిదో శతాబ్ది చివరి దాకా ఐరోపాకు ప్రధానమైన సరఫరా అప్పటి హంగరీ ఏలుబడిలో ఉండి ఇప్పుడు స్లొవేకియాలో చేరిన దుబ్నీక్ గనులది. ఆ తరువాత పెత్తనం ఆస్ట్రేలియాకు మారింది. 1915లో దక్షిణ ఆస్ట్రేలియాలోని కూబర్ పీడీ వద్ద ఓపల్ బయటపడింది. తెల్ల ఓపల్ అంటే ఆ ఊరు, నల్ల ఓపల్ అంటే న్యూ సౌత్ వేల్స్‌లోని లైట్నింగ్ రిడ్జ్ అన్నట్లుగా వర్తకం స్థిరపడింది. 2008లో ఇథియోపియాలోని వొల్లో ప్రాంతంలో వెగెల్ తేనా దగ్గర కొత్త పొర దొరకడంతో లెక్కలు మారిపోయాయి. ఆ సరుకులో పెద్ద భాగం జైపూరు చేరి అక్కడి సానల మీద తయారవుతున్నది. హైదరాబాదు, విజయవాడ నగల దుకాణాల్లో ఓపల్ పేరుతో పెట్టెల్లో కనిపించే రాయి చాలావరకు ఆ దారిన వచ్చినదే. కనుక కోత పద్ధతి జైపూరువారి గొడవ, మనకెందుకని ఇక్కడి వర్తకులు ఊరుకోవడానికి వీల్లేదు.

రంగు ఎక్కడి నుంచి వస్తున్నదో తెలిస్తేగాని కోత కష్టం అర్థం కాదు. కెంపులో ఎరుపు ఆ రాయి పదార్థంలోనే కలిసి ఉంటుంది. ఎటు తిప్పినా, ఎంత అరగదీసినా అది ఎరుపే. ఓపల్‌లో రంగు పదార్థం అంటూ ఏదీ లేదు. 1964లో ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధనా సంస్థ సి.ఎస్.ఐ.ఆర్.ఓ. శాస్త్రజ్ఞులు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరీక్షించి ఈ గుట్టు విప్పారు. ఓపల్ అంటే నీరు కలిసిన సిలికా. అందులో అతి సన్నని సిలికా గుండ్లు, బుట్టలో నారింజపళ్లు పేర్చినట్లు, వరుసలుగా అమరి ఉంటాయి. వరుస సక్రమంగా ఉన్నచోట వెలుగు విరిగి రంగులు పుడతాయి. వరుస చెదిరిన చోట రంగు లేని ఉత్త ఓపల్ మిగులుతుంది. గనివారు దీనిని పాచ్ అంటారు. గుండ్లు చిన్నవైతే నీలం, ఊదా మాత్రమే కనిపిస్తాయి. పెద్దవైతేనే ఎరుపు కనిపిస్తుంది. పెద్ద గుండ్లు సక్రమంగా పేరుకోవడం అరుదు గనుక ఎరుపు తళుకుకు ధర ఎక్కువ.

వర్తకుడు ఇందులో పట్టుకోవలసిన విషయం ఒక్కటే. తళుకు కోణాన్ని బట్టి ఉంటుంది. ఒక వైపు నుంచి నిప్పులా కనిపించిన రాయి మరో వైపు నుంచి పాలిపోయి ఉండవచ్చు. ఉంగరంలో పొదిగాక చూసేవాని కన్ను పడేది పైముఖం మీదే. అక్కడ కనిపించని ఎరుపు రాయిలో ఎంత ఉన్నా లేనట్లే. రాయిని ఏ వైపు ముఖంగా నిలపాలో తేల్చడమే సానపట్టేవాని పనిలో ముఖ్యభాగం. చక్రం మీద పెట్టి అరగదీయడం ఆ తరువాతి సంగతి.

కూబర్ పీడీ తరహా పొర ఓపల్‌ను తీసుకుంటే, ముడి రాయి అంచున ధగధగలాడే గీత ఒకటి కనిపిస్తుంది. కొత్తగా వ్యాపారంలో దిగినవారు దానిని చూసి మోసపోతారు. అంచున కనిపించే రంగు పైముఖంలో కూడా అంతే వెలుగుతుందన్న హామీ లేదు. చాలాసార్లు రంపంతో కోసి ముఖం తెరిచేసరికి మెరుపు సగానికి పడిపోతుంది. అందుచేత అనుభవం గలవారు ముడి రాయిని తడిపి, ఒకే దీపం కింద నాలుగు వైపులా తిప్పి, రంగు పొర ఎంత మందాన ఉన్నదీ, ఎటు వాలి ఉన్నదీ, మధ్యలో ఇసుక చారలు, పగుళ్లు ఎక్కడెక్కడ ఉన్నదీ ముందు గమనిస్తారు. పొర పలుచగా ఉంటే పైభాగం దాదాపు చదునుగా ఉంచాలి. అందంగా ఉంటుందని ఉబ్బుగా తీర్చబోతే అంచుల్లో పొర తెగి కింది పాచ్ బయటపడుతుంది. పొర మందంగా ఉన్నప్పుడు ఉబ్బు తల ఇస్తే నాలుగు దిక్కుల వెలుగును పట్టి రాయి ఎటు కదిపినా పలుకుతుంది. ఒకే అచ్చులో అన్ని రాళ్లను తీర్చే పనివాడు ఈ తేడా చూడడు. అతనికి చూసే తీరిక కూడా ఇవ్వరు.

లైట్నింగ్ రిడ్జ్ నల్ల ఓపల్‌లో కష్టం మరో రకంగా ఉంటుంది. అక్కడి సరుకు నాబీలనే గుండ్రని ముద్దలుగా మట్టిలో దొరుకుతుంది. పాత కాంక్రీటు లారీల డ్రమ్ములను కడుగుడు యంత్రాలుగా మార్చి, మట్టిని రోజుల తరబడి తిప్పి నాబీలను ఏరుతారు. పటకారుతో అంచు గిల్లి చూస్తేగాని లోపల రంగు ఉన్నదీ లేనిదీ తెలియదు. రంగు పొర నల్లని పాచ్ మీద కూర్చుని ఉంటుంది. వెనుక ఉన్న ఆ నలుపు వల్లనే ముందున్న రంగు మండుతున్నట్లు కనిపిస్తుంది. ఈ నలుపును ఎన్-1 నుంచి ఎన్-9 వరకు అంకెలతో కొలిచే పద్ధతి ఆస్ట్రేలియా వర్తకంలో ఉంది. ఎన్-1 నుంచి ఎన్-4 వరకు నల్ల ఓపల్‌గా లెక్క. పైన అడ్డుగా ఉన్న పాచ్‌ను పొరలు పొరలుగా దించుకుంటూ పోవాలి. వెంట్రుకవాసి తక్కువ దించితే రంగుకు ముసుగు పడి ఉంటుంది, ఎక్కువ దించితే పొరే పోతుంది. ఒక్కొక్కసారి మొదటి పొర కింద ఇంకా మంచి పొర ఉండవచ్చు. ఉన్న పొరతో సరిపెట్టుకోవాలా, దానిని తీసేసి కిందికి దిగాలా అన్నది నిర్ణయించేటప్పుడు మొత్తం సరుకు ధర ఆ ఒక్క పనివాని చేతిలో ఉంటుంది. అటువంటి వానికి క్యారెట్టుకు ఇంత అని కూలి కట్టడం ఎంత అర్థం లేని పనో వేరే చెప్పనక్కరలేదు. లైట్నింగ్ రిడ్జ్‌లో రాయి విలువలో శాతం తీసుకుని కోసిపెట్టే పద్ధతి తెలిసినదే. వెనుక అవసరానికి మించి పాచ్ వదిలిన రాయిని మంచి కొనుగోలుదారులు అక్కడ చిన్నచూపు చూస్తారు. పాచ్ బరువుకు రంగు ధర ఇవ్వడానికి వారు సిద్ధంగా ఉండరు.

క్వీన్స్‌లాండ్ బౌల్డర్ ఓపల్ వర్తకం ఈ సంగతిని మరింత తేటగా చూపుతున్నది. అక్కడ రంగు పొర ఇనుము కలిసిన గోధుమరంగు రాతి మధ్య సన్నని నరంలా పాకుతుంది. నరం ఎలా వంకరలు తిరిగితే రాయిని అలాగే తీరుస్తారు. కోడిగుడ్డు ఆకారం కావాలని పట్టుబడితే రంగు చేతికి రాదు. వెనుక రాతిని ఆసరాగా వదిలేస్తారు. ఆ రాతి బరువుకు ఎవరూ డబ్బివ్వరు గనుక ఈ సరుకు ఎక్కువగా రాయికి ఇంత అని నగ లెక్కన అమ్ముడవుతున్నది. డబ్లెట్, ట్రిప్లెట్ అనే అతుకు రాళ్లదీ అదే తీరు. తూకాన్ని పక్కన పెట్టినా వర్తకం ఆగలేదు. కొనేవాడు ముఖం చూసి కొంటున్నాడు, అమ్మేవాడు ముఖానికి ధర చెబుతున్నాడు.

ఇక మన బజారుకు దగ్గరి సంబంధం ఉన్న ఇథియోపియా సరుకు సంగతి. వొల్లో ఓపల్ అగ్నిపర్వత బూడిద గట్టిపడిన పొరలో, కొండవాలుల్లో దొరుకుతుంది. రంగులో ఆస్ట్రేలియా సరుకుకు తీసిపోదు, ధరలో చవక. కొన్ని రాళ్లలో తేనెపట్టు గదుల్లా రంగు అమర్చినట్లుంటుంది. పైనుంచి చూస్తే గదులు, పక్కనుంచి చూస్తే నిలువు స్తంభాలు. ముఖం తప్పు పెడితే ఆ తేనెపట్టు కాస్తా గీతలుగా మిగులుతుంది. ఇంతవరకు మిగతా ఓపల్ వంటిదే. ఈ రాయిలో అదనపు పేచీ ఏమిటంటే, చాలావరకు ఇది నీరు తాగుతుంది.

వొల్లో రాయిని నీళ్లలో వేస్తే సన్నని రంధ్రాల్లోకి నీరెక్కి రాయి గాజులా పారదర్శకమవుతుంది. తళుకు తగ్గుతుంది, ఒక్కొక్కసారి పూర్తిగా మాయమవుతుంది. ఆరితే మళ్లీ వస్తుంది. రాయిని బట్టి ఆరడానికి గంటలు పట్టవచ్చు, రోజులూ పట్టవచ్చు. సాన మీద నీరు పోయకుండా పని జరగదు. అంటే పనివాడు కోస్తున్నంతసేపూ రంగు అతని కంటికి కనిపించడం లేదన్నమాట. ఎండిన స్థితిలోనే రాయిని చూసి ముఖం నిర్ణయించి గుర్తు పెట్టుకోవాలి. ఆ గుర్తు కూడా పెన్సిలుతో పెట్టాలి. సిరా అయితే లోపలికి ఇంకుతుంది. కొంత అరగదీశాక ఆపి, నీడన ఆరబెట్టి, రంగు తిరిగి వచ్చాక చూసి, మళ్లీ మొదలుపెట్టాలి. పుల్లకు అంటించడానికి మరిగిన లక్క వాడితే ఆ వేడికి తడి రాయి చిట్లుతుంది. చల్లని జిగురే మేలు. మెరుగు పెట్టే పొడి కూడా రంధ్రాల్లో దూరి తెల్లని మచ్చగా మిగలవచ్చు. ఈ పనికి కావలసింది ఓపిక. రోజుకు ఇన్ని రాళ్లు దించాలన్న లెక్కలో ఓపికకు చోటుండదు.

ఆరబెట్టే జంజాటం తప్పించుకోవడానికి నీరు పోయకుండా పొడిగా అరగదీసేవారున్నారు. అందులో లేచే దుమ్ము సిలికా దుమ్ము. గుజరాత్‌లోని ఖంభాత్‌లో అగేట్ రాళ్లు అరగదీసే కుటుంబాలను సిలికోసిస్ ఏవిధంగా పీడించిందో దేశానికి తెలుసు. నాలుగు రోజుల ఆలస్యం భరించలేని వ్యాపారి ఆ నష్టాన్ని పనివాని ఊపిరితిత్తుల మీదికి నెడుతున్నాడనే చెప్పాలి.

నీరు తాగే రాయికి తూకపు బేరం ఎంత ప్రమాదమో మన వ్యవసాయ సరుకుల వర్తకులకు ఒకరు చెప్పనవసరం లేదు. మిరప బస్తా మీద నీళ్లు చల్లి తూకం పెంచే విద్య గుంటూరు యార్డుకు కొత్త కాదు. పత్తిలో భారత పత్తి సంస్థ కొనుగోళ్లకు తేమ హద్దు ఉంది; 8 శాతం దాటితే ధరలో కోత, 12 శాతం దాటితే కొనుగోలే లేదు. మరి వొల్లో ఓపల్ కొన్ని రకాలు తమ బరువులో 10 శాతం దాకా నీరు పీల్చగలవు. ఎండు తూకం 100 గ్రాములున్న ముడి సరుకు తడి మీద 108 గ్రాములు తూగిందనుకుందాం. గ్రాము 1,000 రూపాయల చొప్పున బేరం కుదిరితే 8,000 రూపాయలు నీటికి ఇచ్చినట్లే. పైగా తడి రాయిలో పగుళ్లు కంటికి ఆనవు. పత్తి బోరెంలో చెయ్యి పెట్టి తేమ చూసే వ్యాపారి, అంతకు ఎన్నో రెట్లు ఖరీదైన రాయిని నీళ్ల సీసాలోంచి తీసి తూచుతుంటే చూస్తూ ఊరుకోవడం వింత. ఆస్ట్రేలియా రాయిని తడిపి చూపడం తప్పు కాదు. అది నీరు తాగదు, తడిపితే పైన గరుకు మాటున ఉన్న రంగు కనిపిస్తుంది. ఒక సరుకు మర్యాదను మరో సరుకుకు అంటగట్టడంతో పేచీ వస్తున్నది.

ఇప్పుడు కూలి లెక్క. ఎండు మీద 10 గ్రాముల ముడి రాయి అంటే 50 క్యారెట్లు. తూకం నిలబెట్టాలన్న పట్టుదలతో కోస్తే 18 క్యారెట్ల రాళ్లు దిగాయనీ, ముఖం వాలుగా ఉండి తళుకు మందంగా ఉన్నందున క్యారెట్టుకు 1,000 రూపాయలు పలికిందనీ అనుకుందాం. మొత్తం 18,000. అదే రాయిని రంగు పొర వెంట తిప్పి కోస్తే 11 క్యారెట్లే మిగిలాయి, కాని ముఖం నిండా ఎరుపు ఉండి క్యారెట్టు 3,000 పలికింది. మొత్తం 33,000. ఇవి లెక్క కోసం వేసిన అంకెలే గాని బజారు ధరలు కావు. నిష్పత్తి మాత్రం వర్తకుల అనుభవానికి దూరం కాదు. కూలి క్యారెట్టుకు 50 రూపాయలైతే మొదటి పనివానికి 900 ముడుతుంది. రెండోవానికి 550. యజమానికి 15,000 అదనంగా సంపాదించిపెట్టినవాడు 350 రూపాయలు పోగొట్టుకున్నాడు. ఏ పనివాడైనా మరుసటి రోజు ఎలా కోస్తాడో ఊహించడం కష్టం కాదు. దీనిని పనితనం లోపమని అనడం సబబు కాదు. యజమాని దేనికి డబ్బిస్తున్నాడో అదే అతనికి దక్కుతున్నది.

ఈ వాదనకు వర్తకుల నుంచి జవాబు లేకపోలేదు. తూకం కంటికి కనిపించేది, రంగు మనిషికో తీరుగా తోచేది, కనుక రంగును బట్టి కూలి అంటే రోజూ తగవులేనని వారి అభిప్రాయం. 8కి 6, 10కి 8 మిల్లీమీటర్ల కోడిగుడ్డు ఆకారాలు వందల సంఖ్యలో అడిగే నగల తయారీదారులకు ఒక్కో రాయి ఒక్కో తీరుగా ఇస్తే సరుకు తిరిగి వస్తుందని కూడా అంటున్నారు. రెండో మాటలో నిజం ఉంది. పొడి పొడి తళుకు గల మధ్యరకం ముడి సరుకును అచ్చు కొలతలకు, రాయికి ఇంత అని కూలి కట్టి కోయించడంలో తప్పులేదు. ఆ రాళ్లలో ముఖం ఎటు పెట్టినా పెద్ద తేడా పడదు. చిక్కంతా పైరకం సరుకును కూడా అదే కుప్పలో పోసి, అదే అచ్చులో నొక్కడంలో ఉంది. ముడి సరుకు రాగానే ఎండబెట్టి, రంగు చూసి, పైరకాన్ని వేరు చేసి పెద్ద చేతికి ఇచ్చే ఇల్లు, అన్నిటినీ కలిపి కోయించే ఇల్లు ఒకే ధరకు ముడి సరుకు కొన్నా ఏడాది చివర లాభంలో ఒకటిగా ఉండవు.

మొదటి అభ్యంతరానికి మన పల్లెల్లోనే మందు ఉంది. పంట ఎంత వస్తుందో ముందు తెలియని చోట రైతు, పాలికాపు పాలు మాట్లాడుకుంటారు. ఎంత పండితే అందులో ఇంత భాగం. పైరకం ఓపల్‌కు ఇదే సరిపోతుంది. అమ్మిన ధరలో ఇన్ని పైసలు అని ముందే ఒప్పుకుంటే సానపట్టేవాడు తానుగానే బరువు వదిలి రంగు వెతుకుతాడు. అమ్మకం ధర దాచిపెడతారన్న భయం పనివానికి, రాయి మారుస్తారన్న భయం యజమానికి ఉండడం సహజం. ఎండు తూకం, నాలుగు వైపుల ఫోటోలు, దింపిన రాళ్ల కొలతలు ఒకే చీటీలో రాసుకుంటే ఈ భయాలు చాలావరకు తీరుతాయి. సెల్‌ఫోను ప్రతి చేతిలో ఉన్న రోజుల్లో ఇది పెద్ద భారం కాదు.

తూకపు పిచ్చిని పెంచుతున్నది కోతవారు మాత్రమే కాదు. మన ప్రాంతంలో ఓపల్‌కు ఉన్న గిరాకీలో మంచి భాగం జాతకాలది. వజ్రం కొనలేనివారికి శుక్రునికి ప్రత్యామ్నాయంగా ఓపల్ సూచించే జ్యోతిష్కులు ఇన్ని క్యారెట్లు ధరించాలని చీటీ రాసిస్తున్నారు. చీటీలో రంగు మాట ఉండదు. దుకాణదారుడు ఆ అంకెకు సరిపడే రాయి తీసి ఇస్తున్నాడు. దాంతో వెనుక పొట్ట దిగని మొద్దు రాళ్లకు ఒక బజారు ఏర్పడింది. ముఖం మీద నాలుగు చుక్కల తళుకు, వెనుక బండెడు పాచ్. నమ్మకం మంచిచెడ్డల జోలికి వర్తకపు పుట పోనక్కరలేదు. అదే డబ్బుకు బరువు తక్కువైనా రంగు నిండిన రాయి పక్కన పెట్టి చూపితే కొనేవాడు ఏది ఎంచుకుంటాడో దుకాణదారులు ఒకసారి పరీక్షించి చూడవచ్చు. ఇళ్లలో పెట్టెల అడుగున పడి ఉండే ఓపల్ ఉంగరాల్లో మొద్దు రాళ్లే ఎక్కువ. అవి తిరిగి అమ్మకానికి వచ్చినప్పుడు సగం ధర కూడా పలకక దుకాణానికే చెడ్డపేరు తెస్తున్నాయి.

మరో రెండు జబ్బులు ఈ కోత విషయంతో ముడిపడి ఉన్నవే. ఒకటి జాలు పగుళ్లు. కొన్ని గనుల రాయి భూమి నుంచి బయటపడ్డాక నీరు కోల్పోయి సాలెగూడులా పగులుతుంది. ఇథియోపియాలోనే 1990ల్లో షేవా ప్రాంతం నుంచి వచ్చిన గోధుమరంగు ఓపల్ ఈ జబ్బుతోనే బజారులో పేరు పోగొట్టుకుంది. వొల్లో సరుకు దానికంటె ఎంతో మెరుగని తేలినా, హడావుడిగా ఆరబెట్టి, తడి ఆరకముందే మెరుగు పెట్టి పంపిన రాయి పగిలితే తప్పు గనిది కాదు. ముడి సరుకును కొన్ని వారాలు ఊరికే గాలికి వదిలి, నిలిచినదాన్నే సానకు ఇచ్చే ఓపిక గలవారికి ఫిర్యాదులు తక్కువ. పెట్టుబడికి వడ్డీ నడుస్తుంటే వారాలు ఆగడం కష్టమే. కాని తిరిగి వచ్చిన సరుకుకు వడ్డీ ఇంకా ఎక్కువ.

రెండోది రంగు పోయడం. నీరు తాగే రాయి రంగూ తాగుతుంది, పొగా తాగుతుంది. చవక వొల్లో రాయికి పొగ పట్టించి నల్ల ఓపల్‌లా అమ్ముతున్నారు. ఆస్ట్రేలియాలోనే అండమూకా రాయిని చక్కెర నీళ్లలో నానబెట్టి ఆమ్లంతో మాడ్చి నలుపు చేసే పద్ధతి చాలాకాలంగా ఉంది. అక్కడ ఆ సంగతి చెప్పి అమ్ముతారు, దానికి తగిన ధరే అడుగుతారు. చెప్పి అమ్మితే అదొక సరుకు, చెప్పకుండా అమ్మితే మోసం. కోతలో రంగు పోగొట్టుకున్న రాయికే ఎక్కువగా ఈ పూతలు అవసరమవుతున్నాయన్నది గమనించాలి. ముఖం సరిగా నిలిపిన రాయికి పొగ పెట్టే అవసరం ఎవరికీ కలగదు.

జైపూరు నుంచి సరుకు తెప్పించుకునే తెలుగు వర్తకులు ధర మీద రూపాయి తగ్గించమని బేరమాడడంలో చూపే పట్టుదలను కొన్ని ప్రశ్నల మీద కూడా చూపితే సరుకు తీరు మారుతుంది. తూకం ఎండు మీద తీసిందేనా, ఎన్ని రోజులు ఆరాక తీసింది? రాయి ఏ గనిది, నీరు తాగేదేనా? పొగ గాని రంగు గాని పట్టించారా? వెనుక పాచ్ ఎంత మందాన ఉంది? వీటికి జవాబు బిల్లు మీద రాసి ఇవ్వమనాలి. నమూనాగా వచ్చిన రాళ్లను కిటికీ వెలుగులో ఒకసారి, దీపం కింద ఒకసారి, చేయి చాచిన దూరంలో పెట్టి నిటారుగా చూడాలి. వంచి తిప్పితేగాని తళుకు కనిపించని రాయిని మధ్యరకంలో కట్టాలి, క్యారెట్టు ఎంత ఉన్నా సరే. పైరకం రాళ్లకు క్యారెట్టు ధర అడగడం మాని ఒక్కో రాయికి ధర చెప్పమంటే అమ్మేవారు మొదట నసుగుతారు. అలవాటు లేని బేరం గనుక రెండు మూడు కొనుగోళ్లు కుదరకపోవచ్చు. ఆస్ట్రేలియా వారితో బౌల్డర్ ఓపల్ కొనే జైపూరు ఇళ్లకు మాత్రం ఈ పద్ధతి కొత్త కాదు. కొనేటప్పుడు వారు అలాగే కొంటున్నారు.